బొంత విప్పమన్న పెద్దమ్మ

మొన్న మా ఇంట్లో సైకిలు తాళంచెవి కనిపించకుండా పోయింది. వంటింటి గూట్లో ఉందేమో చూడమంది మా అమ్మాయి. అక్కడ లేదు. దేవుడి పటం వెనక చూడమంది. అక్కడా లేదు. మా పెద్దవాడు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇగ బొంత ఇప్పుదమా?" అన్నాడు. అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ పడిపడి నవ్వారు. నా భార్య నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

సిద్దిపేటలో మా వాడకట్టు వాళ్ళకు ఈ మాట అర్థం చెప్పనక్కర్లేదు. ఎవరైనా తెలివి చూపించబోయి బోల్తాపడితే "బొంత ఇప్పుదమా" అంటారు. అది ఎవరి బొంతో, ఎవరు విప్పమన్నారో ఇప్పటి పిల్లలకు తెలియదు. మా పెద్దవాడికీ తెలియదు. ఆ బొంత వాడిదే. పురిట్లో వాణ్ణి పడుకోబెట్టిన బొంత. విప్పమన్నది మా పెద్దమ్మ. ఆమె చెప్పింది తప్పు కాదు.

ఈ సంగతి తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఆ నవ్వులో నేనూ నవ్వుతూ వచ్చాను.

పెద్దమ్మ మా బాపు అన్నగారి భార్య. వాడకట్టు అంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది, ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా. పొడుగు మనిషి. కూరగాయలకు పోతున్నా ఎవరి మీదికో తగాదాకు పోతున్నట్టే నడిచేది. ముందు పళ్ళు ఊడిపోవడం వల్ల దారాన్ని పక్క పంటితో, మెడ ఒక వైపుకు వంచి కొరికేది. ఎవరితో మాట్లాడుతున్నా వాళ్ళ మొహం కాక వాళ్ళ చేతులు చూసేది. చిన్నప్పుడు నేను ఆమె ముందు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడేవాణ్ణి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు బొంతలు కుట్టేవారు. యుద్ధం రోజులు. కొత్త బట్ట దొరకడం గగనంగా ఉండేది. పాత చీరలు పోగైన వాళ్ళు మూట తెచ్చి అరుగు మీద పడేసేవారు. చీర మీద చీర పరిచి, నాలుగు వైపులా ఆడవాళ్ళు కూర్చుని, అంచుల నుంచి నడిమికి కుట్టుకుంటూ వచ్చేవారు. కుట్టు బియ్యపుగింజంత ఉండాలని పెద్దమ్మ పట్టు. ఎవరి కుట్టయినా సాగిందంటే చాలు, సూది ఆపేది.

"ఏమైందే, మీ ఆయన మళ్ళ అలిగిండా?"

"నీకెట్ల ఎర్క పెద్దమ్మా?"

"నీ కుట్టు జూడరాదు, దూడ తాడు తెంపుకొని ఉరికినట్టున్నది. లెవ్వు, పోయి ఇంత అన్నం వెట్టి రా ఆయనకు."

ఆమె కనిపెట్టినవి చాలా ఉన్నాయి. కానీ ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. ఒకరింట్లో రోజూ పెరుగు మాయమయ్యేది. కోడలు పిల్లిని కొట్టేది, అత్త కోడలిని తిట్టేది. పెద్దమ్మ ఆ ఇంటికి వెళ్ళి, ఉప్పు అడిగే నెపంతో కాసేపు కూర్చుని వచ్చింది. మర్నాటి నుంచి తన ఇంట్లో తోడేసిన పెరుగు ఒక గిన్నెడు ఆ ఇంటి మామగారికి, అందరూ చూస్తుండగా, ముందు గుమ్మంలోంచే పంపించడం మొదలుపెట్టింది. వైద్యుడు ఆయనకు పెరుగు మానిపించాడట. ముసలాయన సిగ్గుతో దొంగతనం మానేశాడు. పిల్లి బతికిపోయింది. ఎవరు తిన్నారో ఆమె ఆ కోడలికి కూడా చెప్పలేదు. నాకు తెలిసిందీ ఆ ముసలాయనే చాలా ఏళ్ళ తర్వాత నవ్వుతూ చెప్పబట్టి.

ఆ అరుగు మీద నా పని పుస్తకం చదవడం. మాది కిరాణా దుకాణం. సరుకులకు హైదరాబాదు పోయినప్పుడల్లా అపరాధ పరిశోధక నవలలు కొనుక్కొచ్చేవాణ్ణి. పల్చటి అట్ట, దాని మీద టోపీ పెట్టుకుని టార్చిలైటు పట్టుకున్న మనిషి. బెజవాడ వైపు నుంచి వచ్చేవి. ఎండవేళ దుకాణం మూసి, అరుగు చివర స్తంభానికి ఆనుకుని, కుడుతున్న ఆడవాళ్ళకు చదివి వినిపించేవాణ్ణి. "ఇయ్యాల దొంగల పుస్తకం తెచ్చినవా?" అని దారిలోనే అడిగేవారు.

హత్య ఎలా జరిగిందన్నది పెద్దమ్మకు పట్టేది కాదు. "గింత పెద్ద బంగళ రాసిండు గద, గా ఇంట్ల వంటెవలు చేస్తరు?" అని అడిగేది. రాయలేదంటే, "వంటామెకు తెల్వకుంట ఇంట్ల ఏ పని గాదు బిడ్డా. గీయన ఎన్నడు వంటింట్ల అడుగు వెట్టనట్టున్నది" అని రచయిత మీద జాలిపడేది. కథ నడుస్తుండగా ఉన్నట్టుండి సూదిని కొప్పులో గుచ్చుకునేది. అంటే దొంగ దొరికాడన్నమాట. మిగతా ఆడవాళ్ళు కూడా కుట్టు ఆపి ఆమె వైపు తిరిగేవారు.

మొదటిసారి అలా గుచ్చుకున్నది ఒక జమీందారు మేడలో తాళం వేసిన పెట్టెలోంచి హారం పోయిన కథలో. ఇంకా సగం పుస్తకం ఉంది.

"మేనల్లుడే తీసిండు" అంది.

"ఎట్ల చెప్తవు పెద్దమ్మా? ఆయన గా పొద్దే పట్నం నుంచి దిగిండు గద."

"గందుకే. ప్రయాణం చేసొచ్చినోడు కాళ్ళు కడుక్కోకుంట లోపలి అర్రలకు ఎందుకు పోతడు? అంత తొందర ఏముంటది?"

రచయిత కాళ్ళు కడుక్కోవడం గురించి ఆలోచించే ఉండడు. కానీ హారం తీసింది మేనల్లుడే. ఆ పుస్తకం నేను ముందే చదువుకున్నాను, చివరి పేజీ దాకా నాకు అంతు చిక్కలేదు. అక్షరం రాని మా పెద్దమ్మ, సూది చేతిలో పట్టుకుని, సగంలోనే చెప్పేసింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఆఖరి పేజీలకు వచ్చాక మేనల్లుడు అని ఉన్న చోటల్లా తోటమాలి అని చదివాను.

అరుగంతా గొల్లుమంది. పెద్దమ్మ ఒక్కతే నవ్వలేదు.

"తోటమాలికి గా పెట్టె తాళం ఎట్ల వచ్చె?"

"పుస్తకంల అట్లనే ఉన్నది పెద్దమ్మా."

"అట్లనా." కొప్పులోంచి సూది తీసింది. "రాసినాయనకు ఎర్కుంటది మరి."

ఆ నవ్వు నాకు రుచించింది. తర్వాతి పుస్తకంలోనూ అదే చేశాను. అప్పటికప్పుడు దొంగను మార్చి, సాక్ష్యాలు మార్చి, తడబడకుండా చదవడం నాకు బాగా అబ్బింది. ఆమె చెప్పిన మనిషిని వదిలేసి ఇంకొకణ్ణి పట్టిచ్చేవాణ్ణి. "పెద్దమ్మా, సూది కొప్పుల వెట్టకు, దొంగ పారిపోతడు!" అని ఆడవాళ్ళు ఆటపట్టించేవారు. ఒక్క రాజవ్వ మాత్రం, "నాకైతే పెద్దమ్మ చెప్పిందే ఖరారు అనిపిస్తది సేటూ" అనేది. రాజవ్వది కోహెడ. మా వాడకట్టులోనే ఉన్న మా అత్తగారింట్లో పనిచేసేది. పని తీరాక వచ్చి అందరి సూదుల్లో దారం ఎక్కిస్తూ కథ వినేది.

మా పెద్దవాడు పుట్టినప్పుడు వాడి బొంత కూడా ఆ అరుగు మీదే కుట్టారు. పాత చీరల మూట మా అత్తగారింటి నుంచి రాజవ్వే తెచ్చింది. పసిబిడ్డ బొంతకు మా వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. మిగతా చీరల అంచులు చింపి, విప్పి పరుస్తారు. ఇంట్లో మునిమనవలను ఎత్తుకున్న ముసలావిడ ఉంటే ఆమె చీర మాత్రం చింపరు, కత్తెర తగలనివ్వరు, మడత కూడా విప్పరు. ఉన్నదున్నట్టు నడిమి పొరలో పెడతారు. ఆమె ఆయుష్షు బిడ్డకు చేరాలని. మా అత్తగారి అత్త అప్పటికి బాగా ముసలిది. ఆమె చీర అలాగే మడతగా పెట్టి కుట్టేశారు.

బిడ్డను తొట్లెలో, అంటే ఉయ్యాలలో వేసే రోజున మా అత్తగారు మెడలో వేసుకుందామని గుండ్లపేరు కోసం పెట్టె తెరిస్తే అది లేదు. బంగారు గుండ్లు దారానికి గుచ్చిన పేరు, ఆమె పుట్టింటి వాళ్ళు పెట్టింది. ఆ పెట్టె ఉన్న గది ఊడ్చేది రాజవ్వ. ఆ గదిలోంచి చీరల మూట మోసుకెళ్ళిందీ రాజవ్వ. ఇక వేరే ఎవరి గురించీ ఎవరూ ఆలోచించలేదు. సాయంత్రంలోగా ఇవ్వకపోతే ఠాణాలో అప్పగిస్తామన్నారు. ఆ రోజుల్లో ఠాణాలోకి వెళ్ళిన పేదింటి ఆడది ఎలా బయటికి వస్తుందో అందరికీ తెలుసు. రాజవ్వ వాకిట్లో కూలబడి, ఏడవడం కూడా మరచిపోయి, తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయింది.

పెద్దమ్మ వచ్చింది. ఇంట్లో మూలమూలా తిరిగి చూసింది, చాటలు ఎత్తింది, కుండల్లో చేతులు పెట్టింది. ముసలావిడ పక్కన కాసేపు కూర్చుంది. వాకిట్లోకి వచ్చేసరికి సూది కొప్పులో ఉంది.

"రాజవ్వ తియ్యలే. పేరు ఇంట్లనే ఉన్నది. పిలగాని కింద ఉన్నది" అంది.

అందరూ నోళ్ళు తెరిచారు.

"ముసలవ్వకు మతి లేదు. చేతికేది దొరికితే అది కొంగుల ముడేసుకుంటది. మొన్న బెల్లం ముడేసుకుంటే చీమలు పట్టె గద. గామె చీర మనం ఇప్పలే, మడతనే వెట్టినం. కుట్టంగ కుట్టంగ ఒక మూల మీద నా సూది మొండికేసింది. అంచు దొడ్డుగున్నదనుకొని పక్కపొంటి కుట్టుకుంట పోయిన. గా మూల ఇప్పున్రి."

"అవ్వా, పేరు ఏడ వెట్టినవే?" అని ఎవరో ముసలావిడను అడిగారు.

"దేవుడు తీస్కపోయిండు" అని ఆమె బోసినోటితో నవ్వింది.

ఇంకొకరు లోపలికి పోయి బొంత మూలలు నొక్కి చూసి, "అన్ని గట్టిగనే ఉన్నయ్" అన్నారు. మూలల్లో అతుకులు వేస్తారు కాబట్టి అవి గట్టిగానే ఉంటాయి.

మా అత్తగారు తలుపు చాటు నుంచి అంది. "పసిబిడ్డ పండిన బొంత ఎవరన్న ఇప్పుతరా? ఆయుష్షు తగ్గదా? పెద్దమ్మ చెప్పిందని నా మనవని కింది బొంత ఇప్పాల్నా? అల్లుణ్ణే అడుగున్రి. దినాం సదివేది ఆయననే గద. పెద్దమ్మ చెప్పింది ఎన్నడన్న నిజమైందా?"

అందరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ కూడా తిరిగింది. ధీమాగా చూసింది నన్ను, ఇంటి పిల్లవాడు కాబట్టి తన మాట నిలబెడతాననుకుని.

తొలిచూలు బిడ్డ. వాడి బొంత విప్పించి, రేపు వాడికి జలుబు చేసినా నన్నే అంటారన్న భయం ఒకటి. అది చెప్పుకోదగ్గ కారణమే. రెండోది చెప్పుకోదగ్గది కాదు. అవునంటే, పుస్తకాల్లో నేను చేసిన పని అంతమంది ఆడవాళ్ళ ముందు, అత్తగారి ముందు బయటపడుతుంది.

"ఎన్నడు కాలే" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమ్మ సూదిని కొప్పులోంచి తీసి పైటకు గుచ్చుకుంది. తర్వాత పోయి రాజవ్వ చెయ్యి పట్టుకుని లేపింది. "ఠాణాకు తీస్కపోతే ఇద్దరిని తీస్కపోన్రి. బొంత కుట్టింది నేను, మూట తెచ్చింది ఇది" అంది. పెద్దమ్మను ఠాణాకు పంపేంత ధైర్యం ఎవరికీ లేదు. రాజవ్వను పనిలోంచి తీసేసి, కోహెడ పోయే బండి ఎక్కించారు. వాకిట్లో ఉన్న అందరి ముందూ దొంగగానే వెళ్ళింది.

తర్వాత కూడా అరుగు మీద బొంతలు కుట్టారు. నేనూ చదివాను. కానీ పెద్దమ్మ మరి కొప్పులో సూది పెట్టుకోలేదు. "దొంగెవడో చెప్పవా పెద్దమ్మా?" అంటే, "పుస్తకం ఆయన చేతుల ఉన్నది, ఆయననే చెప్తడు" అనేది.

పిల్లవాడు నడకలు నేర్చాక బొంత ఒక మూల చినిగింది. అతుకు వేద్దామని నా భార్య తన పుట్టింట్లో కూర్చుని ఆ మూల విప్పితే, ముసలావిడ కొంగు ముడి బయటపడింది. ముడిలో గుండ్లపేరు. మా అత్తగారు, నా భార్య, నేను. చూసింది ముగ్గురమే. "బియ్యం కుండల దొరికిందని చెప్పున్రి. బొంతల దొరికిందంటే మన ముఖం ఏడ పెట్టుకుంటం?" అంది అత్తగారు. నేను సరేనన్నాను. ఆ మూల మళ్ళీ కుట్టేశాం.

వాడకట్టులో రెండు మాటలు పుట్టాయి. రాజవ్వే భయపడి ఎవరిచేతనో పంపించి బియ్యంలో పెట్టించిందని ఒకటి. పెద్దమ్మ బొంత విప్పమంటే బియ్యంలో దొరికిందని రెండోది. మొదటిది కొన్నాళ్ళకు పాతబడింది. రెండోది ఇప్పటికీ నడుస్తోంది.

ఒక రోజు మిట్టమధ్యాహ్నం పెద్దమ్మ మా దుకాణానికి వచ్చి బల్ల మీద కూర్చుంది. బేరాలు లేని వేళ.

"బియ్యం కుండల నేను మోచెయ్యి దాక వెట్టి దేవులాడిన కొడుకా, గా పొద్దే" అంది.

నేను తక్కెడ తుడుస్తూ ఉండిపోయాను.

"మొన్న మీ అత్తగారింట్ల బొంత దండెం మీద ఆరేసిన్రు. ఒక మూల దారం కొత్తగున్నది. కుట్టు నీ పెండ్లాంది. నేను వెట్టిన కుట్టు గాదది. ఎందుకిప్పిన్రో అడుగ తియ్యి." బల్ల మీద సర్దుకుని కూర్చుంది. "ఇంకోటి అడుగుత. గా తోటమాలికి తాళం ఎట్ల వచ్చె?"

తుడిచిన తక్కెడే మళ్ళీ తుడిచాను.

"గిన్ని పుస్తకాలు, గింతమంది రాసేటోళ్ళు. అందరు నాకే ఎదురు రాస్తరా బిడ్డా? ఒక్కడన్న తప్పి నా దిక్కు రాయడా?" అని నవ్వింది. నిజంగానే నవ్వింది, పళ్ళు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "పోనీ. అది ఆట. నేను గూడ ఆడినట్టే. రాజవ్వది ఆట గాదు."

"ఏం చెయ్యమంటవు పెద్దమ్మా?"

"నాకు గా పుస్తకాలల్ల దొంగ మీద ఏం మోజు లేదు. ఆఖర్ల అందరిని ఒక్క కాడ కూసోవెట్టి, నింద పడ్డ మనిషి దిక్కు చూసి, 'నువ్వు గాదు' అంటడు చూడు. గా మాట వచ్చే దాక నాకు ముద్ద దిగకపోతుండె. నువ్వు ఎవలను మార్చినా గా మాట మార్చలే, గదొక్కటి మంచిగ జేసినవ్. రాజవ్వను పిలిపిచ్చి, అరుగు మీద కూసోని, సదివినట్టే, గా మాట ఆమెను ఒక్కసారి అను. మీ అత్త పేరు చెప్పకు. నా ముచ్చట ఎత్తకు. గది చాలు."

"చూస్తా పెద్దమ్మా" అన్నాను.

చూడలేదు. రేపంటే రేపనుకున్నాను. అత్తగారు ఏమనుకుంటుందో అనుకున్నాను. ఆ తర్వాత ఊళ్ళ మీద పడే మూకలకు భయపడి పొద్దు గూకకముందే తలుపులు వేసుకునే రోజులు వచ్చాయి. అరుగుల మీద ఆడవాళ్ళు కూర్చోవడం మానేశారు. కొందరు ఊళ్ళు విడిచిపోయారు. మళ్ళీ అన్నీ కుదుటపడేసరికి పెద్దమ్మ మంచం పట్టింది. పిల్లలు లేరు కాబట్టి ఆమెకు తలకొరివి పెట్టింది నేనే. అప్పుడూ చెప్పలేదు.

మొన్న తాళంచెవి దొరికాక, అన్నాల దగ్గర పిల్లలకు ఇదంతా చెప్పాను. మా పెద్దవాడు కలుపుకున్న ముద్ద నోట్లో పెట్టుకోలేదు. "నేను గీ మాట అందరి ముంగట అంటుంటే నువ్వు వింటుంటివి గద బాపూ" అన్నాడు.

రాసి అచ్చుకు ఇస్తానని నా భార్యతో అన్నాను.

"మా అమ్మ లేకపాయె. లేనామె పేరు పాడైతది."

"పాడైతది."

"రాజవ్వది పాడై మన పిలగాని ఈడు అయింది" అని తనే అంది చివరికి. "రాయి. కుట్టు మళ్ళ వేసింది నేనే అని గూడ రాయి."

రాస్తున్నాను. గుండ్లపేరు రాజవ్వ తీయలేదు. అది బొంతలోనే, పెద్దమ్మ చెప్పిన మూలలోనే ఉంది. బియ్యం కుండలో దొరికిందన్నది మేం ముగ్గురం కలిసి ఆడిన అబద్ధం. అరుగు మీద నేను చదివిన కథల్లో కూడా పెద్దమ్మ పట్టుకున్న దొంగలే అసలు దొంగలు. ఒకటో రెండో తప్పినట్టు గుర్తు, అవి ఏవో నాకిప్పుడు జ్ఞాపకం లేవు.

అచ్చుకు పంపే ముందు రాజవ్వకు చెప్పాలని కోహెడ బస్సెక్కాను. ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వాకిట్లో పత్తి ఆరబోసుకుని, గింజలు ఏరుతూ కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవలూ? సేటువా?"

దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. నిలబడే చెప్పేశాను. బొంత సంగతి, బియ్యం సంగతి, నేను అన్న మాట, అనని మాట. ఆమె గింజలు ఏరుతూనే విన్నది.

"నాకు ఎర్కనే" అంది. "పెద్దమ్మ గప్పుడే వచ్చింది. మండే ఎండల, కాళ్ళకు చెప్పులు లేకుంట. లోపలికి రమ్మంటె రాలే. గీ గడపల నిలవడి, నువ్వు గాదే రాజవ్వా, నువ్వు గాదు అని ఒర్రింది, సుట్టు ఇండ్లన్ని ఇనేటట్టు. అందరు బయటికొచ్చిన్రు. గప్పటి నుంచి ఈ ఊళ్ళె నన్ను ఎవలు ఒక్క మాట అనలే."

"సిద్దిపేటల గూడ తెలుస్తదిప్పుడు" అన్నాను.

రాజవ్వ చేతులు ఆపింది. నా మొహం వైపు మొదటిసారి నేరుగా చూసింది.

"నాకైతే ఆమె వచ్చి చెప్పిపాయె సేటూ. ఆమెకు ఎవలు చెప్పిన్రు, నీదే నిజమని?"

మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచి, నాకు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది.